వైద్యం అయ్యాక ఆ కుర్రాడు ఎక్కడికి వెళ్లాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

గాజువాక ఆటోనగర్‌లో నాకు చిన్న లేత్ షాపు ఉంది. గంజాయి పట్టుకున్నారని, కుర్రాళ్లను అరెస్టు చేశారని జిల్లా పేజీలో తరచూ చదువుతుంటాను. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మత్తుపదార్థాలను అరికట్టడానికి ఈగల్ అనే పోలీసు విభాగాన్ని పెట్టింది, సమాచారం చెప్పడానికి 1972 నంబరు ఇచ్చింది. మంచి పనే. కానీ అలవాటు మానుకుని ఇంటికొచ్చిన పిల్లల గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

పోయినేడాది మల్కాపురం నుంచి ఒకావిడ 19 ఏళ్ల కొడుకుని వెంటబెట్టుకుని మా షాపుకొచ్చింది. పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో గంజాయి అలవాటై చదువు మానేశాడు. డీఅడిక్షన్ సెంటర్‌లో నెల రోజులుండి అప్పుడే బయటికొచ్చాడు. "ఏదో ఒక పనిలో పెట్టుకోండి బాబూ, ఇంట్లో ఉంటే మళ్లీ ఆ నేస్తాలే వస్తారు" అంది. అప్పటికే నాలుగు షాపులు తిరిగారట. సంగతి తెలియగానే అందరూ వద్దన్నారు. నేనూ వెంటనే సరే అనలేదు. ముందు గల్లాపెట్టే గుర్తొచ్చింది నాకు.

మొదట్లో వాడికి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, పగలు చేతులు వణికేవి. అందుకని మిషను దగ్గరికి రానివ్వలేదు. ఇనప రజను ఊడవడం, పనిముట్లు తుడిచి సర్దడం, అంతే. మొదటి జీతం రోజున వాడే వచ్చి, "గురువుగారూ, డబ్బులు నా చేతికివ్వకండి, అమ్మకిచ్చేయండి" అన్నాడు. పాత నేస్తాలు ఆ సాయంత్రం సందు చివర బైకులేసుకుని కాసుకున్నారని తర్వాత తెలిసింది. మనకు పండగలాంటి జీతం రోజు వాడికి గండమని అప్పుడే అర్థమైంది.

మూడో నెలలో నాలుగు రోజులు పనికి రాలేదు. మళ్లీ గంజాయి తాగాడు. నేనైతే తీసేద్దామనే అనుకున్నాను. సెంటర్‌లో వాడిని చూసిన కౌన్సిలరమ్మ అప్పుడు ఫోన్ చేసింది. ఒకసారి జారడం ఈ వైద్యంలో మామూలేనని, ఇప్పుడు వదిలేస్తేనే ప్రమాదమని చెప్పింది. వాడిని పిలిచి గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడింది. ఆ తర్వాత ప్రతి వారం ఫోన్ చేసేది. అది ఆమె డ్యూటీ కాదు, తన మంచితనం. ఆమె ఉద్యోగం మారాక ఆ పని చేసేవాళ్లే లేరు. మా వాడు అప్పటికి నిలదొక్కుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఇవాళ డ్రాయింగ్ ఇస్తే చాలు, బుష్ అనే గొట్టంలాంటి ముక్కని లేత్ మీద తనంతట తనే తయారు చేస్తాడు.

ఇంతమంది పిల్లల బతుకు ఒక మనిషి మంచితనం మీద ఆధారపడకూడదు. వైద్యం పూర్తయిన ప్రతి కుర్రాడికీ ఏడాదిపాటు వారం వారం ఫోన్ చేసే మనిషిని జిల్లా యంత్రాంగమే నియమించాలి. డిశ్చార్జ్ కాగితంతో పాటే పని చూపించాలి. విశాఖలో పనికి కొదవేముంది? 30 మంది, అంతకు పైన ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టమే ఉంది. ఆ సీట్లలో కొన్ని వీళ్లకివ్వమని అడగాలి.

ఇంకొక మాట తల్లిదండ్రులకు. పోలీసు కేసవుతుందన్న టెన్షన్‌తో చాలామంది పిల్లల్ని దాచేస్తున్నారు. మత్తుపదార్థాల నేరాలకు సంబంధించిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. వాడకం కేసులోగానీ, కొద్దిపాటి మోతాదు కేసులోగానీ ఇరుక్కున్న, మత్తుకు అలవాటుపడ్డ మనిషి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి చేరి, పూర్తిగా చేయించుకుంటే ఆ నేరానికి ప్రాసిక్యూషన్ నుంచి, అంటే కోర్టులో కేసు నడపడం నుంచి, రక్షణ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే మత్తు మాన్పించే సాయం కోసం ఉన్న హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి కూడా ఉంది.

మా షాపులో ఇంకో కుర్రాడికి చోటుంది. పని రాకపోయినా ఫర్వాలేదు, నేర్పుతాను. వారానికోసారి వాడితో మాట్లాడే మనిషిని మాత్రం అధికారులు చూడాలి.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని,
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం