ఆ వీధిలోనే ఎందుకు?

సంపాదకుల వారికి,

నమస్కారం. కరోనా నాటి హాట్‌స్పాట్ల, అంటే జబ్బు గుంపుగా బయటపడిన చోట్ల, ప్రస్తావన ఇప్పటికీ ఎక్కడ వచ్చినా, మాట రెండు నిమిషాల్లో ఎవరో ఒక మనిషి మీదికి పోతుంది. ఫలానా లారీ డ్రైవరు వల్ల అనో, ఊరెళ్లి వచ్చిన ఫలానా ఆయన వల్ల అనో, సంతలో కూరగాయలమ్మే ఫలానా ఆమె వల్ల అనో తేల్చేస్తారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసి, చివరి రెండేళ్లు కరోనా విధుల్లోనే గడిపి పదవీ విరమణ చేసిన నాకు ఈ మాటలు విన్నప్పుడల్లా బాధ కలుగుతుంది. ఒక వీధిలో ఇరవై ముప్పై మంది మంచాన పడి పక్క వీధిలో ఒక్కరికీ రాకపోవడానికి కారణాలు మనుషుల మంచిచెడ్డల్లో కంటే వాళ్లు కూర్చున్న గదుల్లో, పీల్చిన గాలిలో, కలిసి గడిపిన గంటల్లో, కొంత కేవలం కాకతాళీయతలో ఉన్నాయని అప్పటి సమాచారమే చెబుతోంది.

2020 ఏప్రిల్ 15న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలో 170 జిల్లాలను హాట్‌స్పాట్లుగా ప్రకటించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాల్లో 11, తెలంగాణలో 9 ఆ జాబితాకెక్కాయి. ఆంధ్రలో శ్రీకాకుళం, విజయనగరం మాత్రమే బయట మిగిలాయి. పటంలో జిల్లా మొత్తానికీ ఎరుపు రంగు పడింది గానీ, ఇల్లిల్లూ తిరిగిన మాబోటి వాళ్లకు కనిపించిన దృశ్యం వేరు. మండలంలో పాతిక ఊళ్లుంటే జబ్బు రెండు మూడు ఊళ్లలో, ఆ ఊళ్లలో కూడా ఏ ఒకటి రెండు వీధుల్లోనో గుంపు కట్టి ఉండేది. వీధి మొదట్లో సరుగుడు కర్రలు అడ్డం కట్టి, బ్లీచింగు చల్లి, పాల ప్యాకెట్లు ఆ కర్రల మీదుగా అందించిన రోజులు మీ పాఠకుల్లో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్ని హాట్‌స్పాట్లు అలా కనిపించడానికి కారణం మనం అక్కడ ఎక్కువగా వెతకడమే. ఒక కేసు బయటపడిన వీధిలో అందరికీ స్వాబ్ తీస్తాం, పక్క ఊళ్లో జ్వరం వచ్చినవాడు రెండు మాత్రలు వేసుకుని పొలానికి వెళ్లిపోతాడు. 2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన రెండో సీరో సర్వే (జబ్బు సోకిన గుర్తుగా రక్తంలో మిగిలే యాంటీబాడీల కోసం చేసే పరీక్ష) ప్రకారం అధికారికంగా తేలిన ఒక్కొక్క కేసుకు సమాజంలో 26 నుంచి 32 మందికి ఇన్ఫెక్షన్ సోకి ఉంది. అంతమంది మన కంట పడకుండా పోయినప్పుడు, కంటపడిన కొద్దిమంది ఇళ్లను చూపించి ఇదే పుట్టిల్లు అనడం తొందరపాటు.

అయితే పరీక్షల హెచ్చుతగ్గులతో కొట్టివేయలేని గుంపులు నిజంగానే ఉన్నాయి. వాటిని అర్థం చేసుకోవడానికి ప్రపంచానికంతటికీ పనికివచ్చిన లెక్క మన దగ్గరే పుట్టింది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది సేకరించిన కాంటాక్టుల వివరాలను పరిశోధకుడు రమణన్ లక్ష్మీనారాయణ్, ఆయన సహచరులు విశ్లేషించిన అధ్యయనం 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. దాదాపు 85 వేల మంది రోగులనూ, వారి దగ్గర మసలిన 5 లక్షల 75 వేల మందినీ పరిశీలించగా, 71 శాతం రోగుల నుంచి వారి కాంటాక్టుల్లో ఒక్కరికీ జబ్బు సోకలేదని, 8 శాతం మంది నుంచే కొత్త ఇన్ఫెక్షన్లలో 60 శాతం వచ్చాయని తేలింది. బస్సులోనో రైలులోనో రోగికి దగ్గరి సీట్లలో ఆరు గంటలకు మించి ప్రయాణం చేసినవారు ఆ లెక్కలో కొద్దిమందే ఉన్నా, వారిలో సోకినవారు 80 శాతానికి దగ్గరగా ఉన్నారు. ఎండలో, వానలో మా ఆశా కార్యకర్తలూ ఏఎన్ఎంలూ రాసి పంపిన కాగితాల్లోంచి ఇంతటి జ్ఞానం వచ్చిందని మన జిల్లాల్లో ఎందరికి తెలుసు?

ఈ అంకెలను కాస్త నిదానంగా ఆలోచించాలని నా మనవి. పది ఊళ్లకు ఒక్కొక్క రోగి చొప్పున వచ్చాడనుకుందాం. సుమారు ఏడు ఊళ్లలో జబ్బు ఆ మనిషితోనే ఆగిపోతుంది. రెండు ఊళ్లలో ఒకరికో ఇద్దరికో అంటుతుంది. మిగిలిన ఒక్క ఊళ్లో రగులుకుంటుంది. ఆగిపోయిన ఊళ్లవాళ్లు తాము జాగ్రత్తగా ఉన్నందువల్లనో, బొడ్రాయి చల్లగా చూసినందువల్లనో బతికిపోయామనుకుంటారు. రగులుకున్న ఊరి పేరు మాత్రం పేపరుకెక్కుతుంది, ఆ ఊరి పిల్లకు సంబంధం చూడటానికి కూడా కొన్నాళ్లు ఎవరూ రారు. పది ఊళ్లలోనూ జనం నడుచుకున్న తీరు ఒక్కటే అయినా ఇలా జరగవచ్చు.

ఆ ఒక్క ఊళ్లోనే ఎందుకు రగులుకుంది అంటే, కొంత రోగి శరీరాన్ని బట్టి, కొంత రోజును బట్టి. జ్వరం బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే వైరస్ ఎక్కువగా వెలువడుతుంది కాబట్టి, ఆ రోజుల్లో మనిషి ఎక్కడ ఉన్నాడన్నది ముఖ్యం. అన్నిటికంటే స్పష్టంగా కనిపించే కారణం మాత్రం చోటు. 2020 మార్చిలో దక్షిణ కొరియా రాజధాని సోల్‌లో 19 అంతస్తుల భవనం ఒకటి హాట్‌స్పాట్ అయింది. పదకొండో అంతస్తులో ఉన్న కాల్ సెంటరులో 216 మంది పనిచేస్తుండగా 94 మందికి జబ్బు వచ్చింది. అదే భవనంలో ఉన్నవారిని, పనిచేసేవారిని, వచ్చిపోయినవారిని కలిపి 1,143 మందికి పరీక్షలు చేస్తే మొత్తం 97 మందే పాజిటివ్‌గా తేలారు. అంటే పదకొండో అంతస్తు బయట ముగ్గురే. అందరూ ఎక్కింది ఒకే లిఫ్టులు, నడిచింది ఒకే వాకిలి. క్షణాల పాటు లిఫ్టులో ఎదురుపడటం ప్రమాదం కాలేదు గానీ, పక్కపక్క కుర్చీల్లో రోజంతా ఫోనులో మాట్లాడుతూ కూర్చోవడం ప్రమాదమైంది. అదే ఏడాది జనవరిలో చైనాలోని గ్వాంగ్‌జౌలో కిటికీలు లేని ఒక హోటలు గదిలో ఏసీ గాలి వరుసలో ఉన్న మూడు బల్లల వద్ద భోంచేసిన పదిమందికే జబ్బు వచ్చింది, ఆ అంతస్తులో ఉన్న మిగతా వినియోగదారులకూ సిబ్బందికీ రాలేదు. అమెరికాలోని స్కాజిట్ లోయలో మార్చి 10న రెండున్నర గంటల పాటు కలిసి పాటలు సాధన చేసిన 61 మందిలో, అప్పటికే జబ్బుతో ఉన్న ఒకరితో కలిపి 53 మంది రోగులయ్యారు, ఇద్దరు చనిపోయారు. వాళ్లు చేతులు కలపలేదు, శానిటైజరు పెట్టుకున్నారు.

ఇప్పుడు మన విజయవాడ సంగతి చూడండి. 2020 ఏప్రిల్‌లో కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక ఇరుగుపొరుగుతో పేకాడటం వల్ల 24 మందికి, కార్మికనగర్‌లో మరో డ్రైవరు వల్ల 15 మందికి సోకిందని నాటి కలెక్టరు ప్రకటించారు. హెచ్చరికగా ఆ ప్రకటన అవసరమే, అందులో తప్పు పట్టను. కానీ జనం నోట మిగిలింది పేకాట ఒక్కటే. వాళ్లు కూర్చున్నది వరండాలోనా, తలుపు వేసిన గదిలోనా? ఎన్ని గంటలు? ఎందరు? ఈ వివరాలు ఆనాటి పత్రికల్లో నేనెక్కడా చూడలేదు. ఆరుబయట వేపచెట్టు కింద ఆడిన పేకాటకూ, ఫ్యాను వేసుకుని గదిలో ఆడిన పేకాటకూ చాలా తేడా ఉందని అప్పుడే చెప్పగలిగి ఉంటే, లాక్‌డౌన్‌లో గదుల్లో ఇరుక్కుని కూర్చున్న లక్షలమందికి అది పనికివచ్చే మాట అయ్యేది.

నేను కళ్లారా చూసినది ఒకటి చెబుతాను. 2020 జులైలో నా పరిధిలోని ఒక ఊళ్లో పదకొండు మందికి పాజిటివ్ వచ్చింది. హైదరాబాదు నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన ఒక కుర్రవాడు తెచ్చాడని ఊరంతా తీర్మానించి, అతని గుమ్మం ముందు ముళ్లకంప వేశారు. “మావాడు ఎవరింటికీ పోలేదయ్యా, గడప దిగలేదు” అని వాళ్లమ్మ కిటికీ ఊచలు పట్టుకుని నాతో అంటుంటే, వినడానికి అక్కడ ఇంకెవరూ లేరు. సాయంత్రం పదకొండు పేర్లూ జ్వరం మొదలైన తేదీలతో సహా ఒక కాగితం మీద వరసగా రాసుకుంటే తెలిసింది, వారిలో ఏడుగురు ఒకే కుట్టు మిషన్ల షెడ్డులో జాకెట్లు కుట్టే ఆడవాళ్లని. ఆ షెడ్డుకు వెళ్లి చూశాను. రేకుల కప్పు, ఇరుకు గది, తొమ్మిది మిషన్లు. ఉన్న ఒక్క కిటికీకి గుడ్డల మూటలు అడ్డంగా పేర్చి ఉన్నాయి. జల్లు కొడుతుందని తలుపు దగ్గరగా వేసేవారట. మిషన్ల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే గొంతెత్తి మాట్లాడాలి. అందరికంటే ముందు జ్వరం వచ్చినామె, ఆ కుర్రవాడు ఊళ్లో అడుగుపెట్టడానికి రెండు రోజుల ముందే జ్వరపడింది. జ్వరంతోనే మిషను ఎక్కింది, ఎందుకంటే జాకెట్టుకింత అని కూలి, కుట్టని రోజు డబ్బు లేదు.

నా చేతిలోని పట్టికలో పేరు, వయసు, ఫోను నంబరు, ప్రయాణ వివరం, కాంటాక్టుల పేర్లు రాయడానికి గడులు ఉన్నాయి. పనిచేసే చోటు ఎలాంటిది, గాలి ఆడుతుందా, ఒక గదిలో ఎందరు ఎంతసేపు ఉంటారు అన్నవాటికి గడి లేదు. కాగితం వెనకవైపు పెన్నుతో షెడ్డు బొమ్మ గీసి, కిటికీ దగ్గర మూటలు కూడా చూపించి పంపాను. కంప్యూటరులోకి ఎక్కేది ముందువైపు గడులే కాబట్టి అది అక్కడితో ఆగిపోయింది. ఇది ఒక చిన్న ఊరి అనుభవం, దీంతో సిద్ధాంతాలు నిరూపించబోను. కానీ ఇలాంటి షెడ్లు ఎన్ని ఊళ్లలో, ఎన్ని కాగితాల వెనకవైపున ఉండిపోయాయో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇల్లు, కూలి కూడా కారణాలేనని ఆ షెడ్డే చెబుతోంది. 2020 జులైలో ముంబయిలోని మూడు వార్డుల్లో చేసిన సీరో సర్వేలో మురికివాడల్లో 57 శాతం మందిలో, మిగతా ప్రాంతాల్లో 16 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. రెండూ అవే వార్డుల్లోవి. గదికి పదిమంది, వీధికొక సామూహిక మరుగుదొడ్డి ఉన్నచోట భౌతిక దూరం అన్న మాటకు అర్థం ఉండదు. సింగపూర్‌లో వలస కార్మికుల వసతి గృహాల్లో ఉన్న 3 లక్షల 23 వేల మందిలో 2020 డిసెంబరు నాటికి 47 శాతం మందికి సోకింది, నగరంలోని మిగతావారిలో అది చాలా స్వల్పం. ఒకే నగరం, ఒకే ప్రభుత్వం. అంతస్తుల మంచాలు వేసిన గదుల్లో పడుకోవడమే పెద్ద తేడా. గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు ఎలా పడుకుంటారో తెలిసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

మార్కెట్ల కథ కొంత వేరు. చెన్నై కోయంబేడు మార్కెట్‌ను 2020 మే నెల మొదట్లో మూసేసేనాటికే అక్కడి హమాలీలు, వ్యాపారులు, లారీల వాళ్ల ద్వారా జబ్బు ఎన్నో జిల్లాలకు పాకింది. మన ఆరోగ్య శాఖ బులెటిన్లలో చిత్తూరు, నెల్లూరు జిల్లాల కేసులకు పక్కన కోయంబేడు పేరు చాలా రోజులు కనిపించింది. సూర్యాపేటలోనూ కూరగాయల మార్కెట్ దగ్గరే గుంపు తేలింది. తెల్లవారుజామున కేకలు వేసి వేలం పాట పాడే చోట, బస్తాల సందుల్లో, రాత్రి అక్కడే పడుకునే కూలీల మధ్య అంటుకున్నది పొద్దెక్కేసరికి వంద ఊళ్లకు బయలుదేరుతుంది. కోయంబేడు కంటే ముందే, లాక్‌డౌన్ మొదట్లోనే మన పట్టణాల్లో రైతుబజార్లను ఆటస్థలాలకు, బస్టాండ్లకు తరలించారు. అప్పటి పనుల్లో నేను మనసారా మెచ్చుకునేది అదొకటి.

తప్పులు మన ఒక్కరివే కావు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థే కరోనా గాలి ద్వారా వ్యాపించదని ప్రకటించింది. ఆ మాట విని మేమంతా తలుపుల గొళ్లేలు తుడిచాం, రోడ్ల మీద మందు కొట్టాం, కిటికీల సంగతి వదిలేశాం. ఆ సంస్థ అభిప్రాయం తర్వాత మారినా, వీధిలో బ్లీచింగు చల్లితే పని జరిగినట్టు అనుకునే అలవాటు మనలో అలాగే ఉండిపోయింది. వేలెత్తి చూపడం వల్ల ఇంకో చేటు కూడా జరిగింది. ముళ్లకంప పడుతుందన్న భయంతో జ్వరాన్ని దాచినవాళ్లు నాకు తెలుసు. దాచిన నాలుగైదు రోజుల్లో ఆ ఇళ్లలో మిగతావాళ్లకూ వచ్చింది.

జపాన్‌లో హితోషి ఒషితాని వంటి నిపుణులు మొదటి నెలల్లోనే వెనక్కి వెతకడం మొదలుపెట్టారు. రోగి ఎవరికి అంటించాడని కాక, అతనికి ఎక్కడ అంటుకుందని అడిగారు. అలా వెతికితే గాలి ఆడని గది, జనం కిక్కిరిసిన చోటు, ముఖాముఖి మాట్లాడుకోవడం అనే మూడూ కలిసిన స్థలాలు మళ్లీ మళ్లీ బయటపడ్డాయి. వాటిని కలిపి ‘సాన్‌మిత్సు’ అని పేరు పెట్టి బడిపిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. మనకు తెలుగులో అలాంటి ఒక్క మాట పుట్టలేదు.

కాబట్టి రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. కాంటాక్టుల పట్టికలో చోటుకు ఒక గడి పెట్టాలి. ఆ గడి కరోనాకే కాదు, క్షయకూ ఫ్లూకూ కూడా పనికివస్తుంది. బడులు, కోచింగ్ సెంటర్ల తరగతి గదులు, కుట్టు షెడ్లు, క్లినిక్‌ల వరండాల్లో గాలి ఎలా ఉందో మనం వదిలిన ఊపిరి గదిలో ఎంత నిలిచిపోయిందో చెప్పే, కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న పరికరంతో ఏఎన్ఎం స్థాయిలోనే చూడవచ్చు, దానికి పెద్ద చదువు అక్కర్లేదు. 2020, 2021 సంవత్సరాల హాట్‌స్పాట్ల మీద జిల్లాల వారీగా, మనుషుల పేర్లు లేకుండా, తెలుగులో నివేదికలు తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. ఆ వీధుల్లో తిరిగిన సిబ్బంది ఏటా కొందరు చొప్పున రిటైరవుతున్నారు, కొందరు కాలం చేశారు కూడా. ఆ రోజుల్లో నేను రాసుకున్న రెండు నోటు పుస్తకాలు, తేదీలతో, గదుల బొమ్మలతో, ఇంట్లో భద్రంగా ఉన్నాయి. పేర్లు తీసివేసి, జిల్లా అధికారులు ఎప్పుడు అడిగినా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకుడు,
కృష్ణా జిల్లా