ఇరాక్ ఆడవాళ్ల హక్కు ఎవరి చేతిలో?

తెనాలి, 5-11-2005

సంపాదకుడు గారికి,

ఇరాక్ కొత్త రాజ్యాంగం ప్రజల ఓటింగులో నెగ్గిందని మీరు వార్త వేసి పది రోజులవుతోంది. ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. ఎవరూ రాయలేదు. సిరా వేలు చూపిస్తున్న ఒకావిడ ఫొటో, పైన 'ఉషోదయం' అని హెడ్డింగు. 78 శాతం మంది ఒప్పుకున్నారనీ, పార్లమెంటులో ఆడవాళ్లకు పాతిక శాతం సీట్లనీ మురిసిపోయారు. ఆ సీట్లలో కూర్చుని ఏ చట్టం చేయకూడదో కూడా ఆ రాజ్యాంగంలోనే ఉంది. అది మాత్రం రాయలేదు.

రెండో నిబంధన ప్రకారం ఇస్లాం స్థిర సూత్రాలకు విరుద్ధంగా చట్టం చేయకూడదు. ఆ పక్కనే, ప్రజాస్వామ్య సూత్రాలకు విరుద్ధంగానూ చేయకూడదని ఉంది. రెంటికీ పొసగకపోతే? సుప్రీంకోర్టు తేల్చాలి. అందులో జడ్జీలతో పాటు మతశాస్త్ర పండితులూ ఉంటారు. 14వ నిబంధనలో ఆడా మగా సమానమే. 41కి వచ్చేసరికి పెళ్లి, విడాకులు, వారసత్వం లాంటి వ్యవహారాల్లో ఎవరి మతం, ఎవరి శాఖ ప్రకారం వాళ్లు నడుచుకోవచ్చన్నారు. వినడానికి బాగానే ఉంది. పదిహేనేళ్ల పిల్లకు ఏ శాఖ పద్ధతి కావాలో ఎంచుకునేది ఎవరు? ఆ పిల్లా, వాళ్ల నాన్నా?

ఇంతకీ ఉషోదయం ఎక్కడిదండీ? 1959లోనే అప్పటి ఇరాక్ ప్రధాని అబ్దుల్ కరీం ఖాసిం ప్రభుత్వం పెళ్లి, విడాకులు, వారసత్వాల మీద 188వ నంబరు చట్టం తెచ్చింది. ముస్లింలలో షియా శాఖకూ సున్నీ శాఖకూ ఒకటే చట్టం. పెళ్లి వయసు 18, అంతకన్నా ముందైతే జడ్జి ఒప్పుకోవాలి. రెండో పెళ్లికీ జడ్జి అనుమతి కావాలి. ఆ ఏడాదే నజీహా అల్ దులైమీ అనే ఆవిడ మంత్రి కూడా అయ్యారు. కొడుకుతో సమానంగా కూతురికి ఆస్తి ఇచ్చిన భాగాన్ని మాత్రం 1963లో ప్రభుత్వం మారగానే పీకేశారు. 2003 డిసెంబరులో, సద్దాం పోయాక అమెరికా వేసిన పాలక మండలి 137వ తీర్మానంతో ఆ చట్టం మొత్తానికే ఎసరు పెట్టి, ఎవరి శాఖ పద్ధతి వాళ్లదే అంది. బాగ్దాద్‌లో ఆడవాళ్లు రోడ్డెక్కితే రెండు నెలల్లో వెనక్కి తీసుకున్నారు. అప్పుడు వీధిగుమ్మంలోంచి వెళ్లగొట్టింది ఇప్పుడు 41 పేరుతో దొడ్డిదారిన వచ్చింది.

మనకేదో బాగుందని కాదు. విడాకులిచ్చిన భర్త భరణం ఇవ్వాలని షాబానో 1985లో సుప్రీంకోర్టులో గెలిస్తే మరుసటి ఏడాదే పార్లమెంటు ఆ తీర్పును నీరుగార్చింది. చట్టసభల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లివ్వాలన్న మహిళా బిల్లు 1996 నుంచి మూలుగుతోంది. పాతిక శాతం అనగానే మన ఎంపీలకు ముచ్చటేసిందేమో!

నా సంగతే చెబుతాను. రామారావు గారి హయాంలో కూతుళ్లకూ ఉమ్మడి ఆస్తిలో వాటా అన్నారు. అదీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని వాళ్లకే. నాకు 79లోనే అయిపోయింది. మా చెల్లికి వచ్చింది గానీ, 'పసుపుకుంకుమలు ఇస్తున్నాం కదా' అని పెళ్లికి ముందే మా అన్నయ్య సంతకం పెట్టించుకున్నాడు. మొన్న సెప్టెంబరు 9 నుంచి పెళ్లయిన కూతుళ్లకూ హక్కు వచ్చిందని మీ పేపర్లోనే చదివి మండల ఆఫీసుకు వెళ్లాను. గుమస్తా గారు టీ తాగడం పూర్తిచేసి, "మాకింకా ఆర్డరు రాలేదమ్మా, ముందు మీ అన్నగారితో మాట్లాడుకోండి" అన్నారు. అన్నగారే ఇచ్చేట్టయితే నేను ఆఫీసు మెట్లెందుకు ఎక్కుతాను? మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఆ కుర్చీలో గుమస్తా కూడా లేడు.

మతం సంగతి రాని చోట, ఒక గుమస్తా దగ్గరే ఇంత కథ. ఇరాక్‌లో ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో, ఏ పుస్తకం చూసి చెబుతారో, అదంతా తర్వాత చట్టం చేసి తేలుస్తామని 41లోనే రాసుకున్నారు. ఓటేసిన ఆడవాళ్లకు ఈ సంగతి ఎవరైనా విడమరచి చెప్పారో లేదో మీ విలేకరులు కనుక్కుంటే బాగుండేది.

కనీసం ఆ 2, 14, 41 నిబంధనలు మూడూ తెలుగులో అచ్చు వేయండి. జాగా లేదంటారేమో, ఒక్కరోజు రాశిఫలాలు ఆపండి.

— ఒక రిటైర్డ్ టీచరు