బైబ్యాక్ మాటలు నమ్మి పుట్టగొడుగుల బెడ్లు పెట్టకండి

సంపాదకుల వారికి,

"ఒక్క గది చాలు, పంటంతా మేమే కొంటాం" అన్న బైబ్యాక్ మాట నమ్మి పుట్టగొడుగుల పెంపకంలోకి దిగినవాళ్లలో నేనొకణ్ణి. విత్తనం, కవర్లు అమ్ముకున్నాక ఆ మాట చెప్పినవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు.

పని మాత్రం బ్రహ్మవిద్యేం కాదు. వరిగడ్డి చిన్న ముక్కలుగా నరికి, రాత్రంతా నానబెట్టి, వేడినీళ్లలో ఉడికించి, నీడలో ఆరబెట్టి, విత్తనంతో కలిపి కవర్లలో నింపాలి. ఆ నింపిన కవరునే బెడ్ అంటారు. గడ్డి ఎంత ఆరాలంటే, గుప్పెట్లో పట్టి పిండితే చుక్క రాలకూడదు, కానీ అరచేతికి తడి తెలియాలి. నేను దెబ్బతిన్నది అక్కడే. తొందరపడి తడిగడ్డే నింపేశాను, వారం తిరిగేసరికి తెల్లగా అల్లుకోవాల్సిన కవర్లలో పచ్చబూజు, మేడమెట్ల దాకా కంపు, ఇంట్లోవాళ్ల సణుగుడు వేరే.

ఇంకోటి, ముత్యపుచిప్ప (ఆయిస్టర్) రకం పుట్టగొడుగుకు దాదాపు 20 నుంచి 30 డిగ్రీల వేడి, 80 శాతం పైన గాలిలో తేమ ఉండాలి. కోస్తా ఎండాకాలంలో అది కుదిరే పని కాదు, అప్పుడు పాలపుట్టగొడుగులు వేసుకోవడమే నయం. ఈ ముక్క అమ్మేవాళ్లు చెప్పరు.

అసలు టెన్షన్ అమ్మకం దగ్గర. ముత్యపుచిప్ప కోశాక ఫ్రిజ్ లేకుండా ఒకరోజు ఆగడమే కష్టం. అందుకే ఇప్పుడు పది బెడ్లే పెట్టి, ముందు రోజే నాలుగు కర్రీ పాయింట్లకు ఫోన్ చేసి మరీ కోస్తున్నాను. రైతుబజార్లో మాలాంటివాళ్లకు ఉదయం రెండు గంటలు ఒక బల్ల ఇప్పిస్తే చాలు. మీరు రోజూ వేసే కూరగాయల ధరల్లో పుట్టగొడుగులకూ ఒక గడి ఇవ్వండి.

- ఒక పాఠకుడు, తెనాలి