స్కోపు సన్నబడితే నిర్ధారణ చెడదు

సంపాదకులకు,

గర్భసంచి లోపల చూసే హిస్టెరోస్కోపు సన్నదైతే బొమ్మ మసకబారి, లోపలి పొరపై బుడిపెల్లా పెరిగే చిన్న పాలిప్‌లు తప్పిపోతాయన్న అనుమానం రోగులకే కాదు, వైద్యుల్లోనూ ఉంది. బొమ్మ తేనెపట్టులా గళ్లుగళ్లుగా కనిపించే పాత ఫైబర్ స్కోపులతో అందులో కొంత నిజముండేది. 2.7 మి.మీ. గాజు కటకాల స్కోపుల విషయంలో లేదు.

2005లో బెల్జియం వైద్యుల ఆధ్వర్యంలో 480 మంది మహిళలపై జరిగిన అధ్యయనంలో కొందరికి తొడుగుతో (స్కోపు చుట్టూ ఉండి నీరు పంపే గొట్టంతో) కలిపి 5 మి.మీ., కొందరికి 3.5 మి.మీ. స్కోపు వాడి పోల్చారు. సన్నదానితో నొప్పి తగ్గింది, లోపల మరింత స్పష్టంగా కనబడింది కూడా. కారణం తేలికే. 3.5 మి.మీ. గొట్టం అడ్డుకొలత వైశాల్యం 5 మి.మీ. దానిలో సగమే. ముఖద్వారాన్ని సాగదీయనక్కర్లేదు కాబట్టి రక్తం కారి చూపుకు అడ్డం రాదు. కాన్పు కాని స్త్రీలకు ఈ తేడా బాగా తెలుస్తుంది.

అయితే స్కోపు సన్నదైనంత మాత్రాన సరిపోదు. 30 డిగ్రీల కటకం ఎదురుగా కాక పక్కకు చూస్తుంది. కటకం పైకి చూస్తున్నప్పుడు ముఖద్వారపు రంధ్రం తెర కింది భాగంలో కనబడాలి. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టుకుని తోస్తే కొన వెనక గోడకు గుద్దుకుంటుంది, రక్తం వస్తుంది, తప్పు స్కోపుదంటారు! గర్భసంచి తెరుచుకునేందుకు పంపే సెలైన్ (ఉప్పునీరు) ఒత్తిడి సాధారణంగా 40–70 మి.మీ. పాదరసం చాలు. అంతకు మించి పెంచితే నొప్పి పుడుతుంది, మెత్తని పాలిప్ గోడకు అణిగిపోతుంది. పరీక్ష నెలసరి ఆగిన వెంటనే చేయాలి. తర్వాతి రోజుల్లో మందమైన పొర మడతలు పాలిప్‌లుగా భ్రమింపజేస్తాయి. రక్తం కారుతుండగా నీరు ఒకే దారిలో వెళ్లే సన్న తొడుగుతో చూడటం వృథా. లోపలికీ బయటికీ వేర్వేరు దారులున్న తొడుగు కాస్త లావైనా అప్పుడు అదే కావాలి.

కంటితో చూడటం ఒక్కటే నిర్ధారణ కాదు. 26 వేల మందికి పైగా మహిళల ఫలితాలను కలిపి 2002లో చేసిన సమీక్షలో, హిస్టెరోస్కోపీలో క్యాన్సర్ కనబడలేదంటే అది ఉండే అవకాశం 0.6 శాతమే. పొర మందమెక్కే హైపర్‌ప్లేసియాను పట్టడంలో మాత్రం చూపు అంత నమ్మదగింది కాదు. కాబట్టి బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) తప్పదు. సన్న తొడుగులో పరికరం పట్టే దారి లేకపోతే స్కోపు తీశాక సన్న గొట్టంతో ముక్క తీసుకోవచ్చు. గుడ్డిగా గోకే డి అండ్ సి ఒక మూలనున్న పాలిప్‌ను సులువుగా వదిలేస్తుంది.

సన్నబడితే నష్టం లేదన్న ఈ మాట పొట్టలోకి పంపే 2 మి.మీ. లాపరోస్కోపుకు వర్తించదు. గర్భసంచిలో గోడ సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. పొట్టలో చోటు పెద్దది, వెలుగు చాలదు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) చిన్న మచ్చలు దాటిపోవచ్చు.

గర్భసంచి తొలగింపుల్లో దేశంలో ముందున్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. రక్తస్రావానికి కారణమేమిటో తేల్చకుండా తొలగింపు మాట ఎత్తకూడదు. హిస్టెరోస్కోపీ చేయించుకునేవారు అడగాల్సింది తొడుగుతో కలిపి స్కోపు మందమెంత అని. కొనేటప్పుడు ఆసుపత్రులు సన్న తొడుగుతో పాటు రెండు దారుల తొడుగు కూడా తీసుకోవాలి.

ఇట్లు,
ఇద్దరు గైనకాలజిస్టులు, గుంటూరు