‘అసలు చిత్రాలతో’ అని అమ్మిన ‘బ్లీక్ హౌస్’ ప్రతిపై ఫిర్యాదు

ప్రచురణ సంస్థ కొనుగోలుదారుల సేవా విభాగానికి,

అయ్యా / అమ్మా,

చార్లెస్ డికెన్స్ నవల ‘బ్లీక్ హౌస్’ గట్టి అట్ట ప్రతిని మీ వెబ్‌సైటులోనే కొన్నాను. ‘మొత్తం 40 అసలు చిత్రాలతో’ అని అట్ట మీద అచ్చు వేశారు. ఆ మాట నమ్మే మామూలు ప్రతికి మూడింతల ధర పెట్టాను. తీరా చూస్తే రెండు బొమ్మలు లేనే లేవు. లేనివాటి సంగతి అలా ఉంచండి, ఉన్నవాటిని చూస్తే కడుపు మండుతోంది.

1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా ఈ నవల నెలనెలా విడి భాగాలుగా వెలువడింది. బొమ్మలన్నీ ‘ఫిజ్’గా పేరుపొందిన హాబ్లో నైట్ బ్రౌన్ గీసినవి. వాటిలో పదింటిని చీకటి చిత్రాలంటారు. లోహపు రేకు మీద యంత్రంతో సన్నని గీతలు దగ్గరదగ్గరగా గీసి, ఆమ్లంతో చెక్కే పద్ధతి అది. మసక వెలుతురు, నీడలు, తడి గోడలు అన్నీ ఆ గీతల మధ్య సందుల్లోనే ఉంటాయి. మీ ప్రతిలో ఆ సందులన్నీ సిరాతో పూడిపోయాయి. దుంగల ఊతతో నిలబడ్డ ‘టామ్ ఆల్ అలోన్స్’ మురికివాడ నల్లటి మరకగా మిగిలింది. శ్మశానం గేటు దగ్గర లేడీ డెడ్‌లాక్ పడి ఉన్న బొమ్మలో ఆమె ఆకారమే కనబడదు. పైగా 59వ అధ్యాయంలో ఉండాల్సిన ఆ బొమ్మను, ఆమె దాచిన రహస్యమేమిటో పాఠకుడికి ఇంకా తెలియని తొలి అధ్యాయాల్లో పెట్టారు. కింద ఉన్న వ్యాఖ్య చదివితే చాలు, కొత్తగా చదివేవారికి ముగింపు తెలిసిపోతుంది.

వెనక అట్ట మీద ఇంకాస్త గంజి పోయమని గిన్నె పట్టుకున్న ఆలివర్ ఉన్నాడు. అది ‘ఆలివర్ ట్విస్ట్’ కోసం జార్జ్ క్రూక్‌షాంక్ వేసిన బొమ్మ. నవల వేరు, చిత్రకారుడూ వేరు. ఇంత చేసి, బ్రౌన్ పేరు మాత్రం పుస్తకంలో ఎక్కడా వేయలేదు. నన్ను అన్నిటికన్నా నొప్పించింది ఇదే. ఆయన బొమ్మల పేరు చెప్పి అమ్ముతూ ఆయన్నే మరిచిపోవడం అన్యాయం.

‘పాత బొమ్మలు అలాగే ఉంటాయి’ అని మీ సిబ్బంది ఈమెయిల్‌లో జవాబిచ్చారు. అది నిజం కాదు. గ్రంథాలయాలు స్కాన్ చేసి ఉంచిన తొలి ముద్రణ ప్రతుల్లో ఒక్కో గీతా స్పష్టంగా కనిపిస్తుంది. లోపం మీరు వాడిన నకళ్లలో ఉంది.

నాకు పూర్తి ధర, తపాలా ఖర్చు తిరిగి ఇవ్వండి. సరిచేసిన ముద్రణ తెస్తే బదులు ప్రతి తీసుకోవడానికీ సిద్ధమే. అప్పటిదాకా ఈ ప్రకటనతో అమ్మకం ఆపండి. కొత్త ముద్రణలో చిత్రకారుడి పేరు లోపలి శీర్షిక పుటలో రచయిత పేరు కిందనే వేయండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు నకలు, పాడైన పుటల ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
మీ పుస్తకం కొన్న పాఠకురాలు