స్కిన్ ట్రాక్షన్ కిట్ లోపాలపై ఫిర్యాదు

కిట్ తయారీ సంస్థ నాణ్యతా విభాగం అధికారి గారికి,
ఎముకల వార్డు నర్సింగ్ సిబ్బంది రాయునది.

విషయం: పెద్దల ట్రాక్షన్ బూటు పై పట్టీ, మడమ భాగం, బరువు సంచి, సూచనల కాగితంలో ఉన్న తప్పులు.

ఆర్యా,

తొడ ఎముక విరిగినవారికి ఆపరేషన్ అయ్యేదాకా కాలికి బరువు కట్టి చర్మం మీద నుంచి లాగి ఉంచడానికి (స్కిన్ ట్రాక్షన్) మీ కిట్ వాడుతున్నాం. ఫోమ్ బూటు, తాడు, గిలక, నీళ్లు నింపే సంచి, ఒక సూచనల కాగితం అందులో వస్తాయి. అన్నిటికంటే ప్రమాదకరమైనది పై పట్టీ, అందుకే ముందు దాని సంగతి.

ఆ పట్టీని బూటుకు కదలకుండా కుట్టేశారు. పొడుగు కాళ్లవారికి అది పిక్క మీదికి వస్తుంది, ఇబ్బంది లేదు. పొట్టివారికి మాత్రం మోకాలి కింద, బయటివైపు చేతికి తగిలే ఎముక బొడిపె దగ్గర బిగుస్తుంది. పాదాన్ని పైకెత్తే నరం ఆ బొడిపె కిందనే ఫిబులా (పిక్క బయటివైపు ఉండే సన్నని ఎముక) మెడను చుట్టుకుని పోతుంది. అక్కడ దానికి కండ కాపు లేదు. పైన చర్మం, లోపల ఎముక, మధ్యలో నరం. పట్టీ నొక్కితే పాదం వాలిపోతుంది, బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య స్పర్శ పోతుంది. ఎముక అతుక్కున్న తర్వాత కూడా ఆ మనిషి పాదం ఈడ్చుకుంటూ నడవాల్సి రావచ్చు. పైగా తొడ విరిగిన కాలు దానంతటదే బయటికి తిరిగిపోతుంది. అప్పుడు ఆ బొడిపె పరుపుకు ఆనుకుని, నరానికి పరుపు ఒత్తిడి, పట్టీ ఒత్తిడి రెండూ తగులుతాయి.

కింద దూది పెట్టుకోమని మీ ప్రతినిధి చెప్పారు. బిగించిన పట్టీ కింద దూది కుక్కితే పట్టీ ఇంకా బిగుతవుతుందే తప్ప నరానికి ఊరట ఉండదు. పట్టీని బొడిపెకు కనీసం మూడు వేళ్ల వెడల్పు కిందికి జరుపుకునే వీలు ఉండాలి.

వెల్క్రో కూడా నిలవడం లేదు. చెమటకు, దూది పీచుకు రెండు రోజుల్లోనే పట్టు వదిలేస్తోంది. బూటు కిందికి జారితే లాగుడు పిక్కను వదిలి చీలమండ ఎముకల మీద, పాదం పైభాగం మీద పడుతుంది. జారుతోందని ఇంకాస్త బిగిస్తే మళ్లీ నరం దగ్గరికే వస్తాం.

మడమ సంగతి. మీ బూటు వెనక మూసి ఉంది, మడమ నేరుగా ఫోమ్ మీద ఆనుతుంది. ఫోమ్ ఎంత మెత్తగా ఉన్నా ఆనినచోట ఒత్తిడి ఒత్తిడే. కదలని కాలికి మడమ ఎక్కడా ఆనకుండా గాల్లో ఉండాలి. మూసి ఉన్నందువల్ల పుండు మొదలవుతున్నా కంటపడదు. నల్లని చర్మం మీద ఎరుపు ఎలాగూ సరిగా తెలియదు, వేలితో తాకి వేడినీ గట్టిదనాన్నీ పట్టుకోవాలి. దానికి మడమ తెరిచి ఉండాలి కదా!

ఇక సూచనల కాగితం. 7 కిలోల వరకు బరువు కట్టవచ్చని అందులో అచ్చువేశారు. ఇది చాలా తప్పు. చర్మం మీద నుంచి లాగేటప్పుడు పెద్దవాళ్లకు సాధారణంగా ఒంటి బరువులో పదో వంతు, అదీ 5 కిలోలు మించకుండా కడతారు. 45 కిలోల మనిషికి 4.5 కిలోలే పై హద్దు. వయసు మళ్లి చర్మం పలచబడితే అది కూడా ఎక్కువే, నీటి పొక్కులు లేస్తాయి. అంతకు మించి లాగాల్సి వస్తే ఎముకలోకి పిన్ను వేయాలి, అది బూటుతో అయ్యే పని కాదు.

‘ఆపరేషన్ వరకు విప్పనవసరం లేదు’ అన్న వాక్యం చూసి భయం వేసింది. డాక్టరు వద్దనకపోతే, డ్యూటీకి ఒకసారైనా బూటు విప్పి చూడాలి. ఒకరు పాదాన్నీ చీలమండనూ పట్టుకుని అదే దిశలో, అదే బలంతో లాగి ఉంచితే, ఇంకొకరు మడమ, చీలమండలు, పాదం పైభాగం చూసి తుడిచి ఆరబెట్టి మళ్లీ కట్టాలి. విప్పని వేళల్లో కూడా కాలివేలి గోరు నొక్కి వదిలితే రంగు 2 సెకన్లలో తిరిగి రావాలి. పాదం పైకెత్తమని అడగాలి, వేళ్ల మధ్య తాకి చూడాలి. వేళ్లు కదిపితే పిక్కలో భరించలేని నొప్పి వస్తోందంటే పట్టీలు వదులు చేసి వెంటనే డాక్టరుకు చెప్పాలి. వీటిలో ఒక్కటీ మీ కాగితంలో లేదు. మంచం కాళ్లవైపు ఎత్తు పెట్టాలన్న మాట కూడా లేదు. ఎత్తు లేకపోతే బరువు మనిషిని కిందికి లాగేస్తుంది, బూటు మంచం చివరకు ఆనుతుంది, ఆ తర్వాత ట్రాక్షన్ పేరుకు మాత్రమే ఉంటుంది.

సంచి మూత కారుతోంది. 3 లీటర్లు నింపితే 3 కిలోలు. రాత్రి కట్టిన 3 కిలోలు తెల్లవారేసరికి ఎంత మిగిలాయో గీతలు చెరిగిపోయిన సంచి చూసి చెప్పలేం. కారిన నీళ్ల మీద, పక్క మంచం నుంచి వాకర్‌తో లేచినవారు జారితే మరో ఎముక విరుగుతుంది. తాడు గిలక గాడి కంటే లావుగా ఉండి ఇరుక్కుంటోంది, అది కూడా మార్చాలి.

మీరు చేయాల్సినవి: ఆ కాగితాన్ని వెంటనే ఆపి, కిట్లు తీసుకున్న ప్రతి ఆసుపత్రికీ 7 కిలోల మాట, విప్పనవసరం లేదన్న మాట తప్పని రాతపూర్వకంగా తెలియజేయండి. కదిలే పట్టీ, తెరిచిన మడమ ఉన్న బూట్లు పంపండి. సంచికి బదులు బరువు అచ్చువేసిన ఇనుప బిళ్లలు ఇవ్వండి. అవి వచ్చేదాకా మీ బూటును ఏ రోగికీ కట్టబోమని వార్డు డాక్టర్లకు తెలియజేశాం. పట్టీ ఊడిన బూట్లు, కారుతున్న సంచులు, వాటి బ్యాచ్ సంఖ్యలున్న కవర్లతో సహా భద్రపరిచాం. మీ మనిషి వచ్చి చూడవచ్చు. జవాబు రాతలో ఇవ్వండి.

ఇట్లు,
ఎముకల వార్డు నర్సింగ్ సిబ్బంది