అన్నిటికీ గ్యాసే అంటే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆరోగ్యం పేజీలో గ్యాస్ ట్రబుల్ వ్యాసం చదివాను. కారం తగ్గించండి, రాత్రి పెందలాడే తినండి అన్నారు, బానే ఉంది, కానీ మాత్రలకి తగ్గని వాళ్ళ సంగతి ఒక్క ముక్క లేదు. మన దగ్గర ఛాతీలో మంటన్నా, ముద్ద దిగట్లేదన్నా అన్నీ గ్యాసే, పరగడుపున పాన్ ఫార్టీ (యాసిడ్ తగ్గించే మాత్ర) వేసుకో అంటారు, మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేస్తారు.

మా మేనత్తకి ఇదే జరిగింది. ముద్దముద్దకీ నీళ్ళు తాగేది, రాత్రి పడుకుంటే తిన్నది తిన్నట్టే నోట్లోకొచ్చేది, అదీ పులుపు లేకుండా. ఎండోస్కోపీ నార్మల్, టెన్షన్ వల్లే అన్నారు, మనిషేమో చిక్కిపోతా ఉంది. ఆఖరికి సిటీలో మానోమెట్రీ (అన్నవాహిక లోపలి ఒత్తిడి కొలిచే టెస్టు) చేస్తే అకలేసియా అని తేలింది, అంటే మింగినప్పుడు అన్నవాహిక అడుగు కండరం వదులవ్వదు, పైనుంచి తోసే కదలికా సరిగ్గా ఉండదు. దానికి యాసిడ్ మాత్ర ఏం చేస్తుంది? నోట్లోంచే కెమెరా గొట్టం పంపి ఆ కండరం కోశారు, పోయెమ్ అంటారు, 2008లో జపాన్‌లో మొదలుపెట్టారు. దాని తర్వాత చాలామందికి నిజంగానే యాసిడ్ పైకొస్తుంది, మా అత్తకి మాత్ర అవసరమైంది అప్పుడే!

ఈ మానోమెట్రీ టెస్టుకి ముక్కులోంచి సన్న గొట్టం పొట్టదాకా దించుతారు, మత్తివ్వరు, దిగేటప్పుడు కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. దానికి సెంటీమీటరుకొకటి చొప్పున 36 సెన్సర్లు ఉంటాయి, పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల చొప్పున 10 గుటకలు మింగిస్తారు, ప్రతి గుటక ఒత్తిడీ స్క్రీన్ మీద రంగుల్లో కనిపిస్తుంది.

మంటే ప్రధానమైన వాళ్ళకి 24 గంటల పీహెచ్ టెస్టు, అంటే అన్నవాహికలో యాసిడ్ ఎంతసేపు ఉంటుందో కొలవడం. ముక్కులోంచి దించిన గొట్టం చెంపకి ప్లాస్టరేసి, నడుముకి చిన్న డబ్బా కట్టి ఇంటికి పంపేస్తారు, మంటొచ్చినప్పుడల్లా బటన్ నొక్కాలి. ఆ టైంలో 6 శాతం కంటే ఎక్కువసేపు యాసిడ్ ఉంటే రిఫ్లక్స్ (యాసిడ్ పైకి రావడం) ఖాయం, 4 శాతం లోపైతే మామూలే. మంట నిజమే అయినా యాసిడ్ కారణం కాదని తేలేవాళ్ళూ ఉంటారు, పాపం వాళ్ళు ఏళ్ళ తరబడి ఊరికే మాత్రలు మింగుతున్నట్టు. రిఫ్లక్స్‌కి ఆపరేషన్ అంటే మాత్రం ముందు మానోమెట్రీ అడగండి, అందులో అన్నవాహిక అడుగుని బిగిస్తారు, అకలేసియా ఉన్న మనిషికి అక్కడే బిగిస్తే ఇక మంచినీళ్ళు కూడా దిగవు.

అందరికీ ఇవి అక్కర్లేదు, ముద్ద దిగకపోతే ముందు ఎండోస్కోపీయే, క్యాన్సర్ కాదని చూసుకోవాలి. అది నార్మలొచ్చాక కూడా బాధ తగ్గని వాళ్ళు ఎక్కడికెళ్ళాలి? ఏ గవర్నమెంటు ఆసుపత్రిలో ఈ మిషన్లు ఉన్నాయో, ఎంత ఖర్చవుతుందో మీ విలేకర్లతో కనుక్కుని అదే పేజీలో వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తణుకు